కుర్చీల సిస్టరు

పిల్లల వార్డులో ఏ మంచం దగ్గరికి వెళ్లినా ఆమె ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ముట్టుకునేది కాదు. పలకరించేది కూడా కాదు. పసివాడి మొహం ఏ రంగులో ఉంది, పెదవులు తడిగా ఉన్నాయా ఎండిపోయాయా, ఊపిరి తీసుకుంటుంటే డొక్కలు లోపలికి పోతున్నాయా, కళ్లు మనిషిని వెతుకుతున్నాయా లేక ఎటో చూస్తున్నాయా, ఇవన్నీ చూసుకున్నాకే ఒక అడుగు ముందుకు వేసేది. స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో మూసి కాసేపు వెచ్చబెట్టేది. చల్లటిది ఒంటికి తగిలిందంటే పిల్లాడు గుక్కపెడతాడు, గుక్కపెట్టినవాడి ఊపిరి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు అని కొత్తగా వచ్చిన నర్సులకు చెప్పేది. ఇదంతా ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్యేమీ కాదు. నేర్చుకుంది. నేర్చుకున్నానని చెప్పుకోవడానికి ఆమె ఏనాడూ మొహమాటపడలేదు.

ఊళ్లో మాత్రం ఆమెను ఎవరూ ఈ విద్యతో గుర్తుపట్టరు. కుర్చీల సిస్టరు అంటారు. కూరల కొట్టువాడి దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరికీ అదే పేరు. కొత్తవాళ్లెవరైనా విని, ఈవిడకు కుర్చీల వ్యాపారం ఉందేమో అనుకుంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే వార్డులో ఒక్క కుర్చీ కూడా లేని రోజుల నుంచి మొదలుపెట్టాలి.

ఆమె బట్టలు కుట్టే తల్లికి రెండో కూతురు. నర్సు చదువు పూర్తయ్యాక మొదట ఎముకల వార్డులో వేశారు. అక్కడ ఆమెకు హాయిగానే ఉండేది. కాలు విరిగినవాడు ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపిస్తాడు, ఆకలేస్తే అడుగుతాడు, కోపమొస్తే తిడతాడు. అక్కడి నుంచి పిల్లల వార్డుకు మార్చినప్పుడు భయమేసింది. నోట మాట రాని పసికందులకు ఏం జబ్బో తను ఎలా కనిపెట్టగలదు? ఆ భయమే ఆ వార్డులోని ముసలి సిస్టరుతో చెప్పుకుంది. ఆవిడ మరో రెండేళ్లలో రిటైరవబోతున్న మనిషి. పిల్లాడికి గుడ్డ మారుస్తూనే, తలెత్తకుండా జవాబు చెప్పింది.

"నోరు లేనివాళ్లు కాదమ్మా వీళ్లు. ఒళ్లంతా నోరే. వినడం నువ్వు నేర్చుకోవాలి."

నేర్పింది కూడా. చేతులు వెనక్కి కట్టుకోవడం ఆవిడ దగ్గర అబ్బిందే. పొట్ట మీది చర్మం మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలని, ముడత నిలిచిపోతే ఒంట్లో నీరు తగ్గినట్టని, గుడ్డ తడిసి ఎంతసేపయిందో అడక్కుండా ఏ పిల్లాడినీ బాగున్నాడనకూడదని, అన్నీ ఆవిడ చెప్పినవే. ఒక్క విషయం మాత్రం ఆ ముసలి సిస్టరు కూడా చెప్పలేదు. అప్పట్లో ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పేవారు కాదు.

తల్లులను వార్డులోకి రానిచ్చేవారు కాదు. జబ్బు పిల్లను తలుపు దగ్గర నర్సు చేతికిచ్చి వెళ్లిపోవాలి. సాయంత్రం ఒక్క గంట చూడ్డానికి వదిలేవారు. గంట కొట్టగానే వార్డంతా ఒకటే గోల. పిల్లలు కటకటాల మంచాలు పట్టుకుని వేలాడేవారు, తల్లులు వెనక్కి తిరిగి చూసుకుంటూ, కళ్లొత్తుకుంటూ వెళ్లేవారు. తర్వాత పిల్లలను ఊరుకోబెట్టేసరికి నర్సుల తలప్రాణం తోకకొచ్చేది. అందుకే ఆ ఒక్క గంట కూడా లేకపోతే బాగుండుననుకునేవాళ్లే ఎక్కువ.

ఆ రూలు పెట్టింది మేట్రన్ గారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట తక్కువ. ఆవిడను రాక్షసి అనుకునేవాళ్లు ఉండేవారు గానీ అది న్యాయం కాదు. ఆవిడ చిన్న నర్సుగా ఉన్నప్పుడు ఎవరో చుట్టపుచూపుగా వచ్చి వార్డుకు తట్టు అంటించి వెళ్లారు. ఆ నెలలో పోయిన పిల్లల మొహాలు ఆవిడకు ఇంకా గుర్తే. తను మేట్రన్ కాగానే ఆ తలుపు మూసింది.

తలుపు దగ్గర అప్పగించిన పిల్లాడు మొదటిరోజు గగ్గోలు పెట్టేవాడు. రెండోరోజు మూలిగేవాడు. ఆ తర్వాత నోరెత్తేవాడు కాదు. అలవాటుపడ్డాడు, బుద్ధిమంతుడు అనేవారు నర్సులు. ఆమె కూడా అదే అనేది. చేపలమ్ముకునే ఆవిడ కొడుకు వచ్చేదాకా.

ఆ పిల్లాడికి ఏడాదిన్నర ఉంటుంది. బూరెబుగ్గలతో, గుండ్రటి పొట్టతో ఉండేవాడు గనుక వార్డులో వాడికి బుడంకాయ అని పేరు పెట్టారు. నిమ్ముతో వచ్చాడు. డాక్టరుగారు ఇచ్చిన మందులకు జ్వరం దిగింది, డొక్కలెగరేయడం తగ్గింది, ఛాతీలో గురగుర పోయింది. పోవాల్సినవన్నీ పోయాయి గానీ పిల్లాడు తేరుకోలేదు. తిండి ముట్టడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. బుగ్గలు జారిపోయాయి. తక్కెడ మీద పెట్టినప్పుడల్లా ముల్లు ఇంకాస్త వెనక్కే పోయేది. డాక్టరుగారు మళ్లీ రక్తం పరీక్ష చేయించారు, ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించారు. ఏమీ లేదు. పిల్లల డాక్టరుగారిది ఇంకా చిన్న వయసే, మంచివాడు. తెలియనిది తెలియదని పైకే అనేవాడు. ఈ పిల్లాడి విషయంలో అదే అన్నాడు.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చేది. చేపల వాసనకు ఎవరైనా ముక్కు మూసుకుంటారేమోనని చేతులు అరిగేలా సబ్బుతో రుద్దుకుని మరీ వచ్చేది. కొడుకును పేరు పెట్టి పిలిచేది. వాడు ఇటు తిరిగేవాడు కాదు. ఆవిడ వెళ్లిపోతున్నా ఏడ్చేవాడు కాదు.

ఒకరోజు మన సిస్టరు డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేసరికి ఆలస్యమైంది. ఆమె కూతురికి అప్పుడు మూడేళ్లు. తల్లి గుమ్మంలో కాలు పెట్టగానే ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, చిట్టి పిడికిళ్లతో తొడల మీద దబదబా బాది, నాతో మాట్లాడకు పో అని కాసేపు మూతి ముడుచుకుని, ఆనక ఒళ్లోకెక్కి మెడ చుట్టూ చేతులు వేసింది. రోజూ జరిగేదే. ఆరోజు మాత్రం ఆమె కూతుర్ని ఎత్తుకుని అలాగే నిలబడిపోయింది. తిట్టడానికైనా, కొట్టడానికైనా అమ్మ వస్తుందన్న నమ్మకం ఉండాలి కదా. బుడంకాయకు ఆ నమ్మకం పోయింది. వాడు అలవాటుపడలేదు. ఆశ వదులుకున్నాడు.

మర్నాడు డాక్టరుగారితో ఈ మాటే చెప్పింది. ఆయన, మందు నా చేతిలో ఉంది గానీ తలుపు మేట్రన్ గారి చేతిలో ఉంది, అడిగి చూడండి, రమ్మంటే నేను కూడా వెంట వస్తానన్నాడు. ఆమె ఒక్కతే వెళ్లింది.

"మేట్రన్ గారూ, ఆ పిల్లాడికి ఒక్క పూట వాళ్లమ్మ చేత పెట్టించనివ్వండి."

"నువ్వు పెడితే తినడా?"

"తినడండీ. డాక్టరుగారు పెట్టినా తినలేదు. మీరు పెట్టినా తినడు."

ఆఖరి మాట నోరు జారింది. మేట్రన్ గారు కుర్చీలోంచి లేచింది. తిడుతుందనుకుంటే తిన్నగా వార్డులోకి నడిచి, జావ గిన్నె తెప్పించుకుని, బుడంకాయ మంచం దగ్గర వంగింది. చెంచాతో నోట్లో పెట్టింది. వాడు వద్దనలేదు, మొహం తిప్పుకోలేదు. జావ బుగ్గలోనే ఉండిపోయి, కాసేపటికి పెదవి పక్కనుంచి కారిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. మేట్రన్ గారు వాడి మూతి తనే తుడిచింది. చెంచా గిన్నెలో పెట్టి చాలాసేపు వాడినే చూసింది.

"రేపు మధ్యాహ్నం రమ్మను. మోచేతుల దాకా కడుక్కోమను" అంది.

చేపలావిడ వచ్చింది. బజారులో బుట్ట ఎవరికో అప్పగించి, ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చింది. పిల్లాడు గోడవైపే ఉన్నాడు. ఆవిడ మొహం చిన్నబోయింది గానీ వాణ్ణి లాగలేదు, ఇటు తిప్పలేదు. కూర్చోవడానికి అక్కడేమీ లేదు. మంచం కటకటాల మీదికి వంగి నిలబడి, తన ధోరణిలో మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున ఐసు ఆలస్యంగా వచ్చిందని, సందు చివర పిల్లి చేపతల ఎత్తుకుపోయిందని, దాని వెంట అవ్వ చీపురు పట్టుకుని పరుగెత్తిందని, పిల్లి దొరకలేదు గానీ అవ్వ చెప్పు మురిక్కాలవలో పడిందని. అలా ఎంతసేపు చెప్పిందో. నడుం పట్టేసినా నిటారుగా నిలబడలేదు. నిలబడితే మాట దూరమవుతుందేమోనని కాబోలు.

మొదట బుడంకాయ చెవి దగ్గర వెంట్రుకలు కదిలినట్టనిపించింది. తర్వాత, మొహం గోడవైపు ఉండగానే, ఒక చెయ్యి వెనక్కి వచ్చి కటకటాల సందులోంచి తల్లి వేలు పట్టుకుంది. ఆవిడ మాట ఆపలేదు. వాడు ఒక్కసారిగా ఇటు తిరిగి, వార్డు అదిరిపోయేలా ఏడుపు అందుకున్నాడు. చిన్న నర్సు ఒకతె ఊరుకోబెట్టడానికి పరుగెత్తుకొస్తే సిస్టరు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏడవనివ్వు" అంది. "ఇన్నాళ్లకు ఏడుస్తున్నాడు."

ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. లోపల మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా ఉంది. వాడు ఏడ్చి ఏడ్చి, తల్లిని రెండు దెబ్బలు కొట్టి, ఎక్కిళ్ల మధ్యే గిన్నె ఖాళీ చేశాడు. తలుపు దగ్గర నిలబడి మేట్రన్ గారు అంతా చూసింది. ఆ వారంలోనే తక్కెడ ముల్లు ముందుకు కదిలింది.

చేపలావిడ వచ్చి వెళ్లిన మర్నాడే మేట్రన్ గారు సిస్టరును పిలిచి షరతులు చెప్పింది. కిటికీ వైపు నాలుగు మంచాలకు మాత్రం, ఒక్క నెల, పగలంతా తల్లులు ఉండొచ్చు. దగ్గూ జ్వరమూ ఉన్నవాళ్లు రాకూడదు. మంచాల మీద కూర్చోకూడదు. నేల మీద కూర్చోకూడదు, తడిగుడ్డ పెట్టడానికి అడ్డం. కుర్చీలు వెయ్యకూడదు, మందుల ట్రాలీ తిరగదు. అలాగని నిలబెట్టి నడుం విరగ్గొట్టకూడదు, ఒకావిడ నిన్న పడ్డ అవస్థ నేను చూశాను. ఇన్ని కూడదులలోంచి దారి నువ్వే వెతుక్కో అంది.

ఆమె ఇంటికి వచ్చి మొగుడి దగ్గర తల పట్టుకుంది. ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. హాలు పోయిన ఏడాదే మూతబడింది. ఇప్పుడు ఇంట్లోనే రేడియోలు, ఫ్యాన్లు బాగుచేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు గానీ మనసు ఇంకా ఆ హాల్లోనే ఉండేది. నెలాఖరుకు దాన్ని పడగొట్టేస్తారని తెలిసినప్పట్నుంచి అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. భార్య గోడు విని ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బాల్కనీ కావాలా, ఫస్టు క్లాసు కావాలా?" అన్నాడు.

ఆమెకు మొదట అర్థం కాలేదు. ఆయన లేచి చేతులతో చూపించాడు. హాల్లో కుర్చీ మామూలు కుర్చీ కాదు. మనిషి లేవగానే కూర్చునే చెక్క దానంతటదే పైకి లేచి వీపు చెక్కకు అంటుకుంటుంది. కూర్చుంటే కుర్చీ, లేస్తే గోడ. ట్రాలీ కాదు, రైలు తిప్పుకోమను మీ మేట్రన్ని అన్నాడు.

హాలు యజమాని పెద్దాయన. అడగ్గానే, పగలగొట్టి పారేసేవే కదా, బాల్కనీలో నచ్చినవి విప్పుకుపొమ్మన్నాడు. ఆపరేటరు తన పాత స్నేహితుణ్ణి, టికెట్లు చించే ఆయన్ని తోడు తీసుకెళ్లి బోల్టులు విప్పడానికి కూర్చున్నాడు. అవి వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. రంపం పెట్టి విడదీయాల్సి వచ్చింది. ఒక్కో కుర్చీ విడిపోతుంటే ఇద్దరూ, ఇక్కడ ఫలానా ప్లీడరుగారు కూర్చునేవారు, ఇక్కడ కొత్త జంట కూర్చునేది అని చెప్పుకుంటూ ఒకసారి నవ్వారట, ఒకసారి రంపం పక్కన పెట్టి ఆ కుర్చీల్లోనే కూర్చుండిపోయారట.

తోపుడుబండి మీద కుర్చీలు ఇంటికొచ్చాక అసలు సంగతి బయటపడింది. మెత్త విప్పితే నల్లులు. తరతరాలుగా సినిమాలు చూసి బలిసిన నల్లులు. సిస్టరు వాటిని వాకిట్లోనే ఆపేసి, మెత్తలన్నీ తగలబెట్టించి, ఇనుమూ చెక్కా వేడినీళ్లతో, ఫినాయిలుతో కడిగించింది. కొత్త దూది, పైన తుడిస్తే పోయే రెక్సిను. ఆ రెక్సిను కుట్టింది ఆమె తల్లి. పట్టులాంటి గుడ్డలు కుట్టిన మిషను దీనికి మొరాయించింది. సూది విరిగినప్పుడల్లా ముసలావిడ, నీ పిల్లల వార్డు చల్లగుండ అని దీవిస్తున్నట్టే తిట్టేది. అయినా అతుకు కనిపించకుండా కుట్టింది.

నాలుగు మంచాల పక్కన నేలకు బిగించారు. మేట్రన్ గారు టేపు పట్టుకుని కొలిచింది. ట్రాలీ తోయించి చూసింది. ఎక్కడా తగల్లేదు. మెత్తను గోటితో గీరి చూసింది, వాసన చూసింది. ఆఖరికి తనే ఒక కుర్చీలో కూర్చుంది. లేచింది. చెక్క ఠప్పున వెళ్లి వీపుకు కొట్టుకుంది. వార్డులో నిద్రపోతున్న పసిపిల్లలందరూ ఒక్కసారి లేచి రాగం అందుకున్నారు. ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. ఆపరేటరు ఆ సాయంత్రమే సైకిలు ట్యూబు ముక్కలు కోసి, చెక్క ఆనే చోట అంటించి వెళ్లాడు. మర్నాటి నుంచి కుర్చీలు చప్పుడు చెయ్యలేదు.

తల్లులు వచ్చారు. వచ్చినంత మాత్రాన అంతా సవ్యంగా నడిచిందనుకోకూడదు. ఒకావిడ కుర్చీలో నిద్రపోయి గురక పెట్టేది. ఇద్దరు కిటికీ తలుపు మూయాలా తెరవాలా అని గొడవపడి మూడురోజులు మాట్లాడుకోలేదు. ఒకావిడ చాటుగా పిల్లకు తేనె నాకించబోయింది. నర్సులు, మాకు పిల్లలే కాక ఇప్పుడు తల్లులు కూడానా అని సణిగారు. ఆ సణుగుడు ఆమె చెవిన పడింది. వాళ్లకు జవాబు చెప్పలేదు గానీ తల్లులకు పని చెప్పింది.

పొద్దున్నే నలుగురినీ కూర్చోబెట్టి, ఊపిరి లెక్కపెట్టడం నేర్పింది. పిల్ల నిద్రలోనో, ఒళ్లో నెమ్మదిగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, పొట్ట ఎత్తూ దించూ చూస్తూ గడియారంలో పూర్తిగా నిమిషం లెక్కించాలి. లెక్క రాని తల్లికి చేతిలో గింజలు పోసి, ఒక్కో ఊపిరికి ఒక్కోటి గిన్నెలో వెయ్యమంది. విరేచనాల పిల్లకు ఓఆర్ఎస్ నీళ్లు గ్లాసుతో కాదు, చెంచాతో, కక్కితే కాసేపు ఆగి మళ్లీ చెంచాతో, విసుగు లేకుండా పట్టమంది. ఇలాంటి ఓపిక నర్సుకు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆమెకు చూసుకోవాల్సిన మంచాలు ఇంకా బోలెడు. తల్లికి ఉంటుంది. కొద్దిరోజులకే ఆ నాలుగు మంచాల వైపు సెలైను సీసాలు తగ్గాయి. సణిగిన నర్సులే, ఇటువైపు మంచాలకు కూడా కుర్చీలు వేయించకూడదూ అనడం మొదలుపెట్టారు.

నెల గడువు దగ్గరపడుతుండగా ఆ సంఘటన జరిగింది. పొద్దున డాక్టరుగారు వార్డు చూసి వెళ్లి ఎంతోసేపు కాలేదు. మూడో కుర్చీలో ఉన్నావిడ ఇస్త్రీ బండి నడిపే మనిషి. ఆవిడ కూతురికి ఏడు నెలలు. జ్వరం, వాంతులతో చేర్చారు. రాత్రికి జ్వరం దిగింది, పాలు కూడా కాస్త తాగింది. తెల్లవారాక అందరి కళ్లకూ నయంగానే కనిపించింది. ఆ తల్లి మాత్రం లేచి వచ్చి సిస్టరు పక్కన నిలబడింది.

"సిస్టరమ్మా, నాకు చెప్పడం రావట్లేదు. రోజూ ఏడిస్తే ఎత్తుకోగానే ఊరుకునేది. ఇందాకట్నుంచి ఎత్తుకుంటే ఇంకా ఏడుస్తోంది. పడుకోబెడితే ఊరుకుంటోంది. నా పిల్ల అట్లా చెయ్యదమ్మా."

కుర్చీలు రాకముందైతే ఈ మాట చెప్పడానికి ఆ తల్లి అక్కడ ఉండేదే కాదు. ఉన్నా, ఎవరైనా పళ్లొస్తున్నాయేమోలే అనేవారు. సిస్టరు చేతిలో పని అక్కడే వదిలేసింది. మంచం దగ్గరికి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. పాప కళ్లు తెరిచే ఉంది గానీ ఎవరినీ చూడటం లేదు. తల్లిని ఎత్తుకోమంది. ఎత్తుకోగానే సన్నగా, కీచుగా ఒక కొత్త ఏడుపు. నిటారుగా భుజాన వేసుకుని ఊరుకోబెట్టమంది. ఊరుకున్నాక, ఏడుపు పూర్తిగా ఆగాకే, మాడు మీద వేలి కొసలు ఆనించింది. మెత్తగా పల్లంగా ఉండాల్సిన చోట ఉబ్బుగా, బిగువుగా తగిలింది.

ఆమె పరుగెత్తలేదు. పరుగెత్తితే తల్లి గుండె ఆగిపోతుంది. పెద్ద పెద్ద అంగలతో డాక్టరుగారి గదికి వెళ్లి, తల్లి అన్న మాట అన్నట్టే చెప్పి, తను చూసింది చెప్పింది. ఆయన టీ కప్పు అలాగే వదిలి వచ్చాడు. వెన్నులోంచి నీరు తీశారు. మెదడు చుట్టూ ఉండే పొరకు జబ్బు సోకింది, ఇంకా మొదట్లోనే ఉంది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ఆ గంటలోనే మందు ఎక్కించడం మొదలుపెట్టారు.

తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. పాపకు ఒకసారి ఫిట్సు కూడా వచ్చింది. ఆ తల్లి కుర్చీ వదల్లేదు, సిస్టరు సెలవు రోజు కూడా వచ్చి చూసి వెళ్లింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం తల్లి ఎత్తుకుంటే పాప ఏడుపు ఆపింది. అంతే, ఎత్తుకోగానే ఊరుకుంది. ఇస్త్రీ బండి ఆవిడ పాపను పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ ఊరుకుంది. ముచ్చటగా మూడోసారి చేసి చూపించింది. వార్డులో ఉన్నవాళ్లంతా పని ఆపి అదేదో సర్కసు చూస్తున్నట్టు చూశారు. పాపను ఇంటికి పంపేముందు డాక్టరుగారు గంట మోగించి ఆ చప్పుడుకు తల తిప్పుతుందా అని పరీక్షించాడు. తిప్పింది. కోపంగా కూడా చూసింది.

ఆ సాయంత్రం డాక్టరుగారు అందరి ముందూ ఒక మాట అన్నాడు. ఇకపైన నేను వార్డులోకి రాగానే నర్సు చెప్పేది, తల్లి చెప్పేది విన్నాకే చెవిలో స్టెతస్కోపు పెట్టుకుంటాను అని. అన్నట్టే చేశాడు. మర్నాడు పొద్దున సిస్టరు డ్యూటీకి వచ్చేసరికి మేట్రన్ గారు ఆపరేటరును పిలిపించుకుని వరండాలో నిలబడి ఉంది. ఆయన చేతిలో టేపు ఉంది.

"మిగతా మంచాలన్నిటికీ ఎన్ని కావాలో మీ ఆయన లెక్క చూస్తున్నాడు" అంది మేట్రన్ గారు. "నువ్వు వెళ్లి పని చూసుకో."

హాలు అప్పటికే సగం పడగొట్టారు. ఆపరేటరూ టికెట్ల ఆయనా ఇటుకల దుమ్ములోనే మిగిలిన బాల్కనీ అంతా విప్పుకొచ్చారు. ఈసారి రంపం పట్టడానికి బుడంకాయ నాన్న, ఇస్త్రీ బండి ఆవిడ తమ్ముడు, ఇంకా పేరు తెలియని తండ్రులు చాలామంది వచ్చారు. తండ్రులు వార్డులోకి రావడం కూడా అలాగే మొదలైంది. బిగించిన కుర్చీ ఎలా ఉందో చూద్దామని కూర్చున్న ఒకాయన, పక్క మంచంలో తన కొడుకు చెయ్యి చాచేసరికి ఇక లేవలేదు. మేట్రన్ గారు చూసీ చూడనట్టు వెళ్లిపోయింది. వార్డులో జబ్బులు అంటుకోవడం పెరుగుతుందేమోనని ఆవిడకున్న భయం కూడా పోలేదు. చేతులు కడగడం దగ్గర మాత్రం తుమ్మబంకలా పట్టుకునేది. సబ్బు గిన్నె దగ్గర స్వయంగా నిలబడి తండ్రుల గోళ్లు చూసేది. ఆ భయం కూడా మంచిదేనని సిస్టరు ఎప్పుడూ అనేది. తలుపు తెరిచినవాళ్లకు కాపలా కూడా తెలియాలని ఆమె నమ్మకం.

ఏళ్లు గడిచాయి. మన సిస్టరు ఆ వార్డుకు ఇన్‌ఛార్జి అయింది. కుర్చీల సిస్టరు అన్న పేరు మొదట్లో ఆమెకు నచ్చేది కాదు. ఇంత చదివి, ఇన్ని నేర్చుకుని, చివరకు కుర్చీలా అని మొగుడి దగ్గర చిరచిరలాడేది. ఆయన మాత్రం ఆ పేరు విన్నప్పుడల్లా కాలరు సర్దుకునేవాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఎవరు కనిపించినా, లోపల ఉన్నవి మా హాలు బాల్కనీ కుర్చీలండీ, ఇప్పుడూ హౌస్‌ఫుల్లే అని చెప్పేవాడు.

ఒకసారి దూరంగా ఉన్న ఇంకో పెద్ద ఆసుపత్రి వాళ్లు కొత్తగా పిల్లల వార్డు కట్టుకుంటూ ఆమెను పిలిచారు. నర్సు చదువుకునే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి వెళ్లారు. ఆయన దారి పొడుగునా చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. అక్కడ వేదిక, మైకు ఏర్పాటు చేశారు. ఆమె మైకు ముందు నిలబడి, నాకు ఇక్కడ చెప్పడం రాదు, మంచాల దగ్గరికి పదండి అంది. చదువుకునే పిల్లలందరినీ వార్డులోకి తీసుకెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంది. ఒక మంచం దగ్గర నాలుగు నెలల పాప, పక్కన వాళ్లమ్మ. చూసి చెప్పండి అంది. ఒకమ్మాయి ఊపిరి వేగం చెప్పింది, ఒకమ్మాయి రంగు చెప్పింది, ఇంకొకమ్మాయి చెయ్యి బిగించిన తీరు చెప్పింది. బాగానే చెప్పారు. అందరి వెనకా ఉన్న ఒక పొట్టి పిల్ల మాత్రం మెల్లగా ముందుకొచ్చి, పాపవైపు కాకుండా తల్లివైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ మీ పాపలో మీకేమైనా తేడాగా అనిపించిందా?" అని అడిగింది.

ఎవరూ చెప్పకుండానే అడిగింది. సిస్టరు దగ్గరికి వెళ్లి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

తిరుగు బస్సులో ఆపరేటరు కిటికీ పక్కన కూర్చుని, అక్కడి కుర్చీలు కొత్తవే గానీ చెక్క పైకి లేవదని, వాళ్ల ఇంజనీరుకు బొమ్మ గీసి ఇచ్చానని, ట్యూబు ముక్కల సంగతి కూడా మర్చిపోకుండా చెప్పానని వివరంగా చెప్పుకుపోతున్నాడు. ఆమె వింటూనే ఉంది. ముందు సీట్లో ఒకావిడ వెనక్కి తిరిగి, మిమ్మల్ని ఎక్కడో చూశానండీ, ఆసుపత్రిలో పనిచేస్తారా అని అడిగింది. ఆపరేటరు నోరు తెరిచేలోపే ఆమె జవాబు చెప్పింది.

"అవునమ్మా. కుర్చీల సిస్టరును" అంది.